పిడికిలి బిగిస్తే మోచేయి ఎందుకు నొస్తుంది?

మన హాస్టలు వ్యాయామశాలలోకి డంబెల్సు, బార్బెల్సు పక్కన కెటిల్‌బెల్ అనే పరికరం కూడా వచ్చి చేరింది. చూడటానికి పైన పిడి పోతపోసిన ఇనుప గుండులా వుంటుంది. సాయంత్రం అయిదు దాటిందంటే దానికోసం వంతులు వేసుకుని నిలబడుతున్నాం. ఐతే గుండుతోపాటు ఒక కొత్త బాధ కూడా హాస్టలుకు వచ్చింది. కొందరి ముంజేతుల మీద కమిలిన మచ్చలు. కొందరికి తువ్వాలు పిండుకోవాలంటే మోచెయ్యి చురుక్కుమంటోంది. కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్టు తిప్పుతూ మోచెయ్యి నిమురుకునేవాళ్ళు కూడా కనబడుతున్నారు. "నొప్పి లేనిదే కండ రాదురా, కానీయ్" అని తోసేవాళ్ళు కొందరు. "ఆ ఇనుము జోలికి పోకు, చెయ్యి పోతుంది" అని భయపెట్టేవాళ్ళు మరికొందరు.

ఈ రెండు సలహాలూ సరైనవి కావని నా అభిప్రాయం. ఏ నొప్పో తెలియకుండా కానీయ్ అనడమూ తప్పే, మానెయ్ అనడమూ తప్పే. మనం తరగతిలో చదువుకున్న బలయుగ్మాలు, లోలకం, అస్థిపంజర వ్యవస్థ ఈ విషయంలో చాలావరకు దారి చూపిస్తాయి. పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠం మన చేతికే పనికివస్తే అంతకంటె కావలసింది ఏముంది?

గుండు పుట్టుపూర్వోత్తరాలు

ఈ పరికరం రష్యా దేశపుది. అక్కడ దీన్ని గీర్యా అంటారు. మొదట్లో ఇది వ్యాయామం కోసం పుట్టినది కాదు. సంతల్లో ధాన్యం తూచేటప్పుడు త్రాసులో వేసే తూకపు గుండు. మన పెద్దలు వీశెలు, మణుగులు అన్నట్టు రష్యాలో పూద్ అనే కొలత వుండేది. మన మణుగు సుమారు 11 కిలోలైతే వారి పూద్ 16 కిలోల పైచిలుకు. అందుకే నేటికీ ఈ గుండ్లు 16, 24, 32 కిలోల లెక్కన, అనగా ఒక పూద్, ఒకటిన్నర, రెండు పూద్‌ల లెక్కన పోటీల్లో కనబడతాయి.

తూకపు గుండు చేతికి అందుబాటులో వుంటే కుర్రవాళ్ళు ఊరుకుంటారా? ఎవరు ఎన్నిసార్లు ఎత్తగలరో చూసుకోవడం మొదలైంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడీలు ఎత్తే పోటీలు ఎలాగో ఇదీ అలాగే. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో వ్లాదిస్లావ్ క్రయేవ్‌స్కీ అనే వైద్యుడు బరువులెత్తే అభిమానులతో ఒక సంఘం పెట్టి ఈ వ్యాయామానికి ఒక పద్ధతి తెచ్చాడు. ఆ తరువాత నూరేళ్ళకు, 1985లో, సోవియట్ యూనియన్‌లో గుండ్ల పోటీకి నియమావళి ఏర్పడి, లీపెత్స్క్ పట్టణంలో తొలి జాతీయ పోటీ జరిగింది. గుండును కింద పెట్టకుండా పది నిమిషాలపాటు ఎత్తడం ఆ తరువాత ఈ పోటీలకు వచ్చిన నియమం. పది నిమిషాలు! కేవలం పిడికిలి బలంతో ఎవరైనా పది నిమిషాలు నిలవగలరా? ఈ ప్రశ్నను పాఠకులు గుర్తుంచుకోవాలి. మన నొప్పికి సమాధానం కూడా ఇందులోనే వుంది.

ముంజేతి నిర్మాణం

మోచేయి నుంచి మణికట్టు దాకా వున్నది ముంజేయి. ఇందులో రత్ని, అరత్ని అని రెండు ఎముకలు. వాటిచుట్టూ సుమారు ఇరవై కండరాలు. మన వేళ్ళలో కండరాలు లేవు. వేళ్ళను ముడిచే ముఖ్యమైన కండరాలు ముంజేతిలో వుండి, స్నాయుబంధనాలు అనే గట్టి తాళ్ళ ద్వారా వేళ్ళను లాగుతాయి. తోలుబొమ్మలాటలో బొమ్మ తెరమీద వుంటుంది, ఆడించే చెయ్యి కింద వుంటుంది. ఇదీ అంతే.

ఈ కండరాలు రెండు జట్లు. అరచేతి వైపున్న జట్టు వేళ్ళను ముడుస్తుంది, మణికట్టును లోపలికి వంచుతుంది. ఈ జట్టులో చాలా కండరాలు మోచేతి లోపలి బుడిపె దగ్గర పుడతాయి. చేతి వెనుకవైపున్న జట్టు వేళ్ళను చాపుతుంది, మణికట్టును పైకి ఎత్తుతుంది. వీటిలో చాలావాటికి పుట్టుక మోచేతి బయటి బుడిపె దగ్గర.

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. ఎడమచేతి వేళ్ళతో కుడి ముంజేతి వెనుకభాగాన్ని, మోచేతికి నాలుగంగుళాల కింద తాకి, కుడి పిడికిలి గట్టిగా బిగించండి. బిగించింది లోపలి జట్టు. కాని వెనుక జట్టు కూడా రాయిలా గట్టిపడటం మీ వేళ్ళకు తెలుస్తుంది. ఎందుచేత? వేళ్ళను ముడిచే తాళ్ళు మణికట్టు మీదుగా పోతాయి. వాటిని లాగితే వేళ్ళతోపాటు మణికట్టు కూడా లోపలికి ముడుచుకుపోవాలి. అలా పోకుండా వెనుక జట్టు మణికట్టును నిలబెట్టి పట్టుకుంటుంది. కనుక పిడికిలి ఎంత బిగిస్తే వెనుక జట్టుమీద అంత భారం. ఆ భారం చేరే చోటు మోచేతి బయటి బుడిపె. అరచెయ్యి పనిచేస్తే మోచెయ్యి ఎందుకు నొస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

మూడు రకాల నొప్పులు

మొదటిది దెబ్బ. గుండును కిందనుంచి భుజం దగ్గరకు తెచ్చేటప్పుడు అది పిడికిలి మీదుగా బోర్లాపడి ముంజేతి వెనుక భాగాన్ని కొడుతుంది. చర్మం కింద సన్నని రక్తనాళాలు చిట్లి కములుతుంది. ముట్టుకుంటే నొప్పి, ముట్టుకోకపోతే లేదు. నాలుగైదు రోజుల నుంచి రెండు వారాల లోపల రంగు మారుతూ తగ్గిపోతుంది. ఇది పద్ధతి కుదరలేదనటానికి గుర్తు తప్ప వీరత్వానికి గుర్తు కాదు.

రెండవది అలసట. కొత్తగా శ్రమ చేసిన మర్నాడు, రెండోనాడు ముంజెయ్యి అంతా బరువెక్కి, పట్టేసినట్టు వుంటుంది. ఇది ఒక బిందువు దగ్గర కాక కండ పొడుగునా వుంటుంది. మొదటిసారి వరికోతకు దిగినవాళ్ళకి మర్నాడు ఒళ్ళంతా వుండేది ఇదే. రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. దీనికి భయపడనక్కరలేదు.

మూడవది స్నాయుబంధనపు నొప్పి. అసలు జాగ్రత్త పడవలసింది దీనితోనే. ఇది మోచేతి బుడిపె దగ్గర, ఒక వేలితో చూపించగలిగినంత చిన్నచోట వుంటుంది. మొదట్లో వ్యాయామం ఆరంభించినప్పుడు నొప్పి పుట్టి, ఒళ్ళు వేడెక్కాక తగ్గుతుంది, మర్నాడు పొద్దున మళ్ళీ వస్తుంది. కరచాలనం చేసినా, సీసా మూత తిప్పినా, చెంబు ఎత్తినా చురుక్కుమంటుంది. బయటి బుడిపె దగ్గర వస్తే టెన్నిస్ ఎల్బో అనీ, లోపలి బుడిపె దగ్గర వస్తే గోల్ఫర్స్ ఎల్బో అనీ పేర్లు. టెన్నిస్ ఆడని వారికి కూడా వస్తుంది, పేరు మాత్రం అలా స్థిరపడింది. సచిన్ టెండూల్కర్‌ని 2004లో కొన్ని నెలలు ఆటకు దూరం చేసినది ఈ నొప్పే. 2005లో ఆయన శస్త్రచికిత్స కూడా చేయించుకోవలసి వచ్చింది.

దీన్ని చాలాకాలం వాపు వ్యాధి అనుకున్నారు. 1979లో నిర్షల్, పెట్రోన్ అనే అమెరికా శస్త్రవైద్యులు ఈ రోగుల స్నాయుబంధనపు ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించి వివరాలు ప్రకటించారు. వాపులో కనబడే కణాలు అక్కడ పెద్దగా లేవు. వరసగా వుండవలసిన కొల్లాజెన్ పోగులు చిందరవందరగా వున్నాయి. అనగా తాడు పురి సడలి, పీచు లేచిందన్నమాట. పురి సడలిన తాడుకు పైన ఏ మందు రాసినా పురి తిరిగి ఎక్కదు కదా. అమృతాంజనం రాస్తే చర్మానికి హాయిగా వుంటుంది, ఆ హాయి కూడా అవసరమే. కాని పోగులు సర్దుకోవడానికి కావలసినవి కాలమూ, తగుమాత్రపు పనీ.

ఇంకొక సంగతి. కండరానికి రక్తప్రసారం ఎక్కువ, కాబట్టి కొన్ని వారాల్లోనే బలం పుంజుకుంటుంది. స్నాయుబంధనానికి రక్తం తక్కువ, దానికి నెలలు పడుతుంది. కొత్తగా చేరిన మనకు ఆరో వారంలో "అబ్బో, బలం వచ్చేసింది" అనిపించి పెద్దగుండు మీద చెయ్యి వేసేది సరిగ్గా ఈ తేడా వున్న సమయంలోనే. ఎద్దులు బలిసినంత మాత్రాన మోకు బలియదు.

లెక్క ఏం చెబుతుంది?

మన వ్యాయామశాలలో వున్న చిన్నగుండు 16 కిలోలు. దీన్ని రెండు కాళ్ళ మధ్యనుంచి ఛాతీ ఎత్తుకు ఊపి మళ్ళీ కిందికి దించుతాం. దీన్నే స్వింగ్ అంటారు. తాడుకు కట్టిన రాయిని అడ్డంగా పట్టుకుని వదిలితే అట్టడుగున తాడులో తన్యత ఎంత అన్నది మనకు తెలిసిన లెక్కే. r పొడవున్న తాడు అయితే పైనుంచి కిందికి కోల్పోయే స్థితిజశక్తి mgr. అదే గతిజశక్తి అవుతుంది కనుక mv²/r విలువ 2mg. దానికి రాయి సొంతబరువు mg కలిపితే మొత్తం 3mg. అనగా 16 కిలోల గుండు ఊపు అట్టడుగుకు వచ్చేసరికి వేళ్ళకు 48 కిలోల బరువులా తగులుతుంది! మనిషి చెయ్యి మేకుకు కట్టిన తాడు కాదు, నడుమూ మోకాళ్ళూ కదులుతాయి కాబట్టి ఈ లెక్క అక్షరాలా వర్తించదు. ఐనా గుండుమీద రాసిన అంకె వేళ్ళకు తగిలే బరువు కాదని మాత్రం స్పష్టం. రెండు చేతులతో ఊపితే ఈ భారం సగం సగం పంచుకుంటాయి. ఒంటిచేతికి మారితే ఒక్కసారిగా రెట్టింపవుతుంది.

ఇక దెబ్బ సంగతి. గుండు పిడికిలి మీదుగా బోర్లాపడేటప్పుడు సుమారు 30 సెంటీమీటర్లు దిగుతుందనుకుందాం. 16 × 9.8 × 0.3 అంటే 47 జౌల్స్. ఒక కిలో రాయి 4.8 మీటర్ల ఎత్తునుంచి, అంటే డాబా ఎత్తుకన్నా పైనుంచి పడితే వచ్చేంత శక్తి. అది చేతిగడియారం మీదో గాజుల మీదో పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కనుక కడియాలు, గాజులు, గడియారం, ఉంగరాలు తీసి పక్కన పెట్టాకే గుండు ముట్టుకోవాలి.

మూడో లెక్క మణికట్టుది. గుండును భుజం దగ్గర గాని తలపైన గాని నిలిపినప్పుడు పిడి వేళ్ళ మొదళ్ళలో వుంటే, మణికట్టు కీలునుంచి సుమారు 6 సెంటీమీటర్ల దూరం వుంటుంది. 16 కిలోలు, 6 సెంటీమీటర్లు, గుణిస్తే 96. దీన్ని ఆపవలసిన స్నాయుబంధనాలు కీలునుంచి రెండు సెంటీమీటర్లకు మించని దూరంలో వుంటాయి. 96ని 2తో భాగిస్తే 48. పదహారు కిలోల గుండును నిలపడానికి ముంజేయి 48 కిలోల బలంతో లాగాలి. అదే పిడిని అరచేతి అడుగుకు, ముంజేతి ఎముకలకు సూటిగా పైన వచ్చేలా జరిపితే దూరం ఒక సెంటీమీటరుకు తగ్గుతుంది. అప్పుడు కావలసింది 8 కిలోలే. గుండు మారలేదు, చెయ్యి మారలేదు, పిడి అయిదు సెంటీమీటర్లు జరిగింది, అంతే.

మరి పట్టు ఎలా వుండాలి?

పది నిమిషాల పోటీ గురించిన ప్రశ్నకు జవాబు ఇక్కడ వుంది. ఆ పోటీదారులు గుండును పిసకరు. వారి చెయ్యి కొక్కెం మాత్రమే. ఎత్తేది తొడలూ, తుంట్లూ. తుంటిని వెనక్కి మడిచి, ఒక్క ఉదుటున నిలువుగా లేస్తే గుండు దానంతటదే పైకి తేలుతుంది. చెయ్యి దానికి తాడులా దారి చూపిస్తుంది. ముంజేయి నొస్తోందంటే చాలాసార్లు దాని అర్థం, కాళ్ళు చేయవలసిన పని చేతికి అప్పజెప్పామనే.

ఇది మన పల్లెలకు కొత్త విద్య కాదు. బావిలోనుంచి చేద తోడేవాళ్ళు మోచేతితో లాగరు, ఒళ్ళు వెనక్కి వాల్చి ఒంటి బరువుతో లాగుతారు. మా నాన్న నాగలి దున్నిన రోజుల మాట చెబుతుంటాడు: "మేడి మీద చెయ్యి వుండాలి గాని మేడిని పిసకకూడదురా, సాయంత్రానికి అన్నం ముద్ద ఎత్తలేవు." గడ్డపార కొత్తగా పట్టినవాడికి బొబ్బలు, పాతవాడికి కాయలు. తేడా చర్మంలోనే కాదు, పట్టులో కూడా వుంటుంది.

వ్యాయామశాలలో పాటించవలసినవి ఇవి.

ఒకటి. పిడిని అరచేతికి అడ్డంగా కాక ఏటవాలుగా పట్టాలి. బొటనవేలు, చూపుడువేలు కలిసే సందునుంచి చిటికెనవేలి వైపు అరచేతి అడుగు మెత్తదాకా పిడి పోవాలి. మణికట్టు వెనక్కి విరగకుండా ముంజేతికి సూటిగా వుండాలి.

రెండు. గుండును భుజానికి తెచ్చేటప్పుడు ఒంటికి దూరంగా విసరకూడదు. చొక్కా గుండీలు పెట్టుకునే దారిలో, ఒంటికి దగ్గరగా, మోచేతిని పక్కటెముకలకు ఆనించి పైకి తేవాలి. గుండు పిడికిలి మీదుగా ఎగిరి పడకూడదు. పైకి వచ్చేటప్పుడు పట్టు కొంచెం సడలించి, చేతినే పిడిలోకి ముందుకు దూర్చాలి. అప్పుడు గుండు పిడికిలి పక్కగా తిరిగి, దెబ్బ తగలకుండా, ముంజేతి మీద ఒరుగుతుంది. చెయ్యి గుండుచుట్టూ పోవాలి, గుండు చెయ్యిచుట్టూ కాదు.

మూడు. ఊపు పైకి వచ్చినప్పుడు గుండు ఒక్క క్షణం తేలికవుతుంది. ఆ క్షణంలో వేళ్ళను సడలించడం నేర్చుకోవాలి. నిమిషానికి ముప్ఫై ఊపులైతే ముప్ఫైసార్లు వేళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది. సడలించడమంటే వదిలెయ్యడం కాదు. ఎదురుగా మనిషి లేకుండా చూసుకోవడం ఎప్పుడూ అవసరమే.

నాలుగు. చెమట పట్టిన చెయ్యి జారుతుంది, జారుతుందని భయపడి మరింత పిసుకుతాం. సుద్దపొడి రాసుకోవాలి, లేదా ప్రతిసారీ తువ్వాలుతో తుడుచుకోవాలి.

అయిదు. బరువూ, లెక్కా ఒకేసారి పెంచకూడదు. మొదట నేలమీదనుంచి ఎత్తి దించడం, తరువాత రెండు చేతుల ఊపు, ఆ తరువాతనే ఒంటిచెయ్యి, అన్నిటికన్నా చివర భుజానికి తేవడం. రోజు విడిచి రోజు చేస్తే చాలు.

ఆరు. వ్యాయామం అయ్యాక వేళ్ళను చాపే కండరాలకు కూడా కొంచెం పని చెప్పాలి. అయిదు వేళ్ళ కొసలకు ఒక వెడల్పాటి రబ్బరుబ్యాండు వేసి, ఇరవైసార్లు తెరిచి మూస్తే చాలు.

ఇది వ్యాయామశాల గొడవ మాత్రమే కాదు

ఈ వ్యాసం రాయడానికి నాకు మరో కారణం వుంది. మా అమ్మ ఇనుప గుండు ఎప్పుడూ చూడలేదు. కాని రోజుకు రెండుపూటలా రెండు గేదెల పాలు పితుకుతుంది. పొదుగు కింద కూర్చున్న ప్రతిసారీ వందలసార్లు పిడికిలి మూసి తెరవాలి. మూడేళ్ళ క్రితం ఆమెకు కుడి మోచేతి బయటి బుడిపె దగ్గర నొప్పి మొదలైంది. తడిబట్ట పిండలేదు, బిందె ఎత్తలేదు. దగ్గరలో ఒక వైద్యుడు నొప్పి వున్నచోటే సూది వేశాడు. నెలరోజులు నొప్పి మాయం. నయమైందని మళ్ళీ రెండు గేదెల పాలూ తనే పితికింది. మూడో నెలకు నొప్పి మునుపటికంటె గట్టిగా తిరిగి వచ్చింది. మా ఇంటి నెల ఖర్చూ, నా హాస్టలు బిల్లూ ఆ పాలమీదనే కనుక, అది ఆమె ఒక్కదాని నొప్పి కాదు.

ఆ సూదిమందు సాధారణంగా కార్టికోస్టెరాయిడ్ జాతిది. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ వ్యాధి వున్న 198 మందిని మూడు గుంపులు చేసి ఏడాదిపాటు గమనించి, ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. ఒక గుంపుకు సూది, ఒక గుంపుకు వ్యాయామ చికిత్స, మరో గుంపుకు జాగ్రత్తలు చెప్పి వేచివుండటం. ఆరు వారాలకు సూది గుంపే అందరికంటె బాగుంది. కాని ఆ తరువాత వారిలో చాలామందికి నొప్పి తిరగబెట్టింది. ఏడాది చివర వ్యాయామ చికిత్స పొందినవారికంటే సూది వేయించుకున్నవారే వెనుకబడ్డారు. విచిత్రమేమంటే వేచివున్నవాళ్ళు కూడా ఏడాదికి వ్యాయామ గుంపుకు ఇంచుమించు సమానంగా కోలుకున్నారు. సూది నొప్పిని ఆపుతుంది, పోగులను సరిచెయ్యదు. నొప్పి లేదు కదా అని మనిషి మళ్ళీ అదే పనికి దిగుతాడు.

తరువాత జిల్లా కేంద్రంలో ఒక ఫిజియోథెరపిస్టు మా అమ్మకు నేర్పిన వ్యాయామం ఇది. మొదటి రెండు వారాలు ముంజేతిని బల్లమీద ఆనించి, అరచెయ్యి కిందికి వుండేలా, మణికట్టును బల్ల అంచు దాటించి, అరకిలో నీళ్ళ సీసా పట్టుకుని కదలకుండా నిలపడం. ముప్ఫై నుంచి నలభై అయిదు సెకన్లు, అయిదుసార్లు. ఆ తరువాత అదే భంగిమలో, రెండో చేత్తో సాయంపట్టి మణికట్టును పైకి లేపి, సాయం వదిలేసి, అయిదు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దించడం. పదిహేనుసార్లు, మూడు విడతలు. కొద్దిగా నొప్పి వుంటే పరవాలేదు, మర్నాడు పొద్దుటికి అది తగ్గివుండాలి. తగ్గకపోతే బరువు తగ్గించాలి. దాంతోపాటు వస్తువులు ఎత్తేటప్పుడు అరచెయ్యి పైకి వుండేలా ఎత్తమన్నారు. అలా ఎత్తితే బయటి బుడిపెమీద భారం తగ్గుతుంది. ఆ నాలుగు నెలలూ ఒక గేదెను మా నాన్న చూసుకున్నాడు. ఇప్పుడు అమ్మ రెండు గేదెల పాలూ పితుకుతోంది, మధ్యలో చెయ్యి మార్చుకుంటూ.

గుండు ఎత్తే విద్యార్థికీ ఈ వ్యాయామమే. స్నాయుబంధనపు నొప్పి వస్తే కొన్నాళ్ళు గుండు ఊపడం తగ్గించి, దీన్ని పట్టుదలగా చెయ్యాలి. పూర్తిగా చెయ్యి కదపకుండా కట్టు కట్టుకుని కూర్చుంటే తాడు ఇంకా బలహీనపడుతుంది. కాళ్ళ వ్యాయామం, పరుగు మానవలసిన పని లేదు. దెబ్బకైతే మొదటి రోజు గుడ్డలో చుట్టిన మంచుముక్క పది నిమిషాలు పెడితే చాలు. కమిలినచోట నూనెరాసి గట్టిగా మర్దనా చేయకూడదు.

వెంటనే వైద్యుని చూడవలసిన సూచనలు

కొన్ని సూచనలు కనబడితే ఈ వ్యాసం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాలి. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతుంటే మోచేతి లోపలి పక్కన నరం నలుగుతోందని అనుమానించాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం సంగతి చూపించుకోవాలి. వేళ్ళలో పట్టు తప్పి వస్తువులు జారిపోతున్నా, ఎముకమీద నొక్కితే భరించలేని నొప్పి వున్నా ఆలస్యం చేయకూడదు. విపరీతంగా శ్రమించిన తరువాత ముంజేయి ఉబ్బి రాయిలా గట్టిపడినా, మూత్రం నల్లని టీ రంగులో వచ్చినా అది అత్యవసరం. చితికిన కండరపు పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం అందులో వుంది. పందేలు కాసి ఒక్కరోజులో వందలకొద్దీ ఊపులు ఊపేవారు దీన్ని ముఖ్యంగా గమనించాలి.

విద్యార్థి సంఘానికి ఒక మనవి

మన వ్యాయామశాలలో వున్నవి 16, 24 కిలోల గుండ్లు మాత్రమే. కొత్తగా చేరే మొదటి సంవత్సరం తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ నేరుగా పదహారుతో మొదలుపెట్టవలసి వస్తోంది. పైన చెప్పిన లెక్క ప్రకారం అది వేళ్ళకు నలభై ఎనిమిది. వచ్చే ఏడాది క్రీడా నిధిలోనుంచి 8 కిలోల గుండ్లు రెండు, 12 కిలోలవి రెండు, ఒక డబ్బా సుద్దపొడి కొనాలని క్రీడా కార్యదర్శిగారిని కోరుతున్నాను. పట్టు ఎలా వుండాలో బొమ్మతో ఒక అట్ట రాసి గోడకు తగిలించే పని నేను చేస్తాను. మార్చిలో ప్రాక్టికల్స్, ఆ వెంటనే మూడు గంటల పరీక్షలు. కలం పట్టవలసిందీ ఈ చేత్తోనే, రేపు కొడవలైనా కంప్యూటరైనా పట్టవలసిందీ ఈ చేత్తోనే. గుండు ఎత్తండి, తప్పక ఎత్తండి. ఎత్తే పని మాత్రం కాళ్ళకు అప్పగించండి.